మంచు చూసి వాన చెప్పొచ్చా? అంటార్కిటికాలో మనోళ్ల ‘సమ్మర్’ పనికీ.. అనంతపురం శనక్కాయ చేనుకీ లింకేంటి?

అంటార్కిటికాలో ఎండాకాలం ముగిసి మన టీమ్‌లు తిరుగు ప్రయాణం కట్టేది మార్చిలో. సరిగ్గా అప్పుడే అనంతపురంలో ఎండలు ముదురుతాయి. అక్కడ ఐదు నెలల్లో ఏడాది పనంతా అయిపోవాలి. ఇక్కడ ఆరు వారాల్లో విత్తనం భూమిలో పడాలి. ఈ రెండింటి మధ్యా ఉన్న ప్రశ్న ఒక్కటే.. వాన ఎప్పుడు? దక్షిణ ధ్రువం దగ్గర ఆ ప్రశ్నకు నిజంగా జవాబు దొరుకుతుందా? దొరికితే అది చేను దాకా వస్తోందా?

రెండు చోట్లా టైమ్‌తో పరుగే

అనంతపురం అంటేనే కరువు సీమ. ఉమ్మడి జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేది 340 మిల్లీమీటర్ల లోపే. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమల మీదే సగం బరువు దించేసుకుంటాయి. బంగాళాఖాతం తుఫాన్లు కోస్తాలోనే నీరసిస్తాయి. అటు నైరుతికీ, ఇటు ఈశాన్యానికీ కొసన మిగిలిపోయిన పీఠభూమి ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను అనంతపురం, శ్రీసత్యసాయి అని రెండుగా విడగొట్టారు కానీ.. వాన లెక్క మాత్రం రెండు చోట్లా అదే.

ఇక్కడి ఎర్ర నేలల్లో వానాధారంగా వేసే ప్రధాన పంట వేరుశనగ. జనం నోట శనక్కాయ. ఆరుద్ర కార్తె నుంచి పుష్యమి దాకా, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా.. ఆ ఆరు వారాల్లో ఎప్పుడో ఒక మంచి పదును వాన పడాలి. పడిన రెండు మూడు రోజుల్లో గొర్రు కట్టాలి. పదును ఆరిపోతే మళ్లీ ఆకాశం వైపు చూడాల్సిందే.

సుమారు పదివేల కిలోమీటర్ల దూరంలో, ఎవరూ శాశ్వతంగా ఉండని ఖండంలోనూ మనోళ్లు ఇలాగే టైమ్‌తో పోటీ పడుతుంటారు. అక్కడ ఎండాకాలం నవంబరు నుంచి మార్చి దాకా. సముద్రం మీద మంచు కాస్త కరిగి ఓడకు దారి దొరికేది ఆ కొన్ని వారాలే. ఆ గడువు దాటితే దారి మూసుకుపోతుంది. ఏం మర్చిపోయినా మళ్లీ వచ్చే సీజన్ దాకా ఆగాల్సిందే.

ఇంతకీ అక్కడ సమ్మర్‌లో ఏం చేస్తారు?

అంటార్కిటికాలో ఇప్పుడు భారత్‌కు రెండు స్టేషన్లు పని చేస్తున్నాయి. ఒకటి 1989 నుంచి ఉన్న ‘మైత్రి’. రెండోది 2012 మార్చిలో మొదలైన ‘భారతి’. 134 షిప్పింగ్ కంటైనర్లను జోడించి కట్టిన భవనం అది. రెండింటి మధ్య దూరం దాదాపు 3,000 కిలోమీటర్లు. మన దేశం ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా ఎంతో, దాదాపు అంత. ఈ కార్యక్రమం మొత్తాన్ని నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం.

వెళ్లేవాళ్లంతా శాస్త్రవేత్తలే అనుకుంటే పొరపాటు. డాక్టర్లు, వంటవాళ్లు, మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, జనరేటర్ ఆపరేటర్లు, క్రేన్ డ్రైవర్లు.. వీళ్లు లేకపోతే సైన్స్ ఒక్కరోజు కూడా నడవదు. ముందు మెడికల్ టెస్టులు. తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ దగ్గర మంచు మీద ట్రైనింగ్. ఆ పైన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. అక్కడి నుంచి విమానంలో ఐదారు గంటలు ప్రయాణిస్తే మైత్రికి దగ్గర్లోని మంచు రన్‌వే. మిగతావాళ్లు, బరువైన సరుకు.. మంచును తట్టుకునే అద్దె ఓడలో.

సమ్మర్ టీమ్ ముందుండే పనుల లిస్ట్ ఇదీ..

• ఏడాదికి సరిపడా డీజిల్, తిండి సామాను, మందులు, స్పేర్ పార్టులు దించుకోవడం. మైత్రి తీరానికి సుమారు 100 కిలోమీటర్లు లోపల ఉంటుంది. మంచు అంచు దగ్గర దించిన సరుకును చైన్ల బండ్ల కాన్వాయ్‌తో అక్కడికి లాక్కెళ్లాలి.

• చలికాలమంతా అక్కడే గడిపిన టీమ్‌ను దించి, కొత్త టీమ్‌ను నిలబెట్టడం.

• జనరేటర్లు, పైపులు, యాంటెన్నాలు, వాతావరణ పరికరాలు రిపేర్ చేయడం.

• ఏడాదంతా పోగైన చెత్తను మూటగట్టి వెనక్కి తీసుకురావడం. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అక్కడ చెత్త పారేయడానికి లేదు.

• ఈ పనుల మధ్యే సైన్స్.. మంచు తవ్వకాలు, సరస్సుల నీటి నమూనాలు, రాళ్ల పరిశీలన, సముద్రం కొలతలు.

సూర్యుడు అస్తమించని వారాలు అవి. వెలుతురు ఉంటుంది కాబట్టి షిఫ్టుల్లో పగలూ రాత్రీ పనే. మంచు తుఫాను లేస్తే మాత్రం అంతా బంద్. హెలికాప్టర్ ఎగరదు, కాన్వాయ్ కదలదు. పోయిన రోజు పోయినట్టే. మృగశిర దాటినా చినుకు పడని అనంతపురంలో రైతు పడే టెన్షన్ ఎలాంటిదో.. ఆ రోజుల్లో క్యాంపు లీడర్ పడేదీ అలాంటిదే.

ఈ హడావిడి మనవాళ్లకు కొత్తేం కాదు. 1981 డిసెంబరు 6న గోవా నుంచి డాక్టర్ ఎస్.జెడ్.ఖాసిం నాయకత్వంలో బయల్దేరిన 21 మంది తొలి బృందం 1982 జనవరి 9న అంటార్కిటికాలో అడుగుపెట్టింది. మూడో యాత్ర 1983–84లో జరిగింది. లీడర్ హర్ష్ కె.గుప్తా.. తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐకి డైరెక్టర్ అయింది ఈయనే. ఆ ఒక్క సమ్మర్‌లోనే తొలి స్టేషన్ ‘దక్షిణ గంగోత్రి’ని నిలబెట్టేశారు. అయితే మంచు మీద కట్టిన ఆ స్టేషన్‌ను మంచే మింగేసింది. 1990లో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఆ పాఠంతోనే మైత్రిని రాతి నేల మీద కట్టారు.

నీళ్ల లెక్కలో రెండూ ఎడారులే

ప్రపంచంలోని మంచినీటిలో దాదాపు 70 శాతం అంటార్కిటికా మంచులోనే గడ్డకట్టి ఉంది. అయినా శాస్త్రం లెక్కలో అది ఎడారి. లోపలి పీఠభూమిలో ఏడాదికి పడే మంచును కరిగించి కొలిస్తే 50 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే అనంతపురంలో పడే వానలో పదో వంతు లోపే.

మైత్రిలో తాగేది ప్రియదర్శిని అనే సరస్సు నీళ్లు. చుట్టూ మంచే ఉన్నా దాన్ని కరిగించాలంటే ఇంధనం కావాలి. ఆ ఇంధనం సముద్రాలు దాటి రావాలి. భారతిలో అయితే సముద్రపు నీటినే శుద్ధి చేసి వాడతారు. ఉన్న నీళ్లకూ, అందే నీళ్లకూ తేడా ఏంటో వందల అడుగుల లోతుకు బోరు దింపి మోటారుకు కరెంటు కోసం ఎదురుచూసే అనంతపురం రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

మంచుకూ వానకూ లింకు.. మొదట వెతికింది ఒక కరువు తర్వాతే!

మంచును చూసి వాన చెప్పొచ్చన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. దాని వెనక ఉన్నది ఈ సీమను ఊడ్చేసిన కరువే.

1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు పట్టింది. తెలుగునాట దాన్ని ధాత కరువు అంటారు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. బళ్లారి, కర్నూలు, కడప.. ఈ దత్త మండలాలు ఆ దెబ్బకు అల్లాడిపోయాయి. లక్షలాది మంది ప్రాణాలు పోయాయి. వాన ఎగ్గొట్టే సంగతి ముందే పసిగట్టే దారి ఉందా అని ప్రభుత్వం అప్పుడు తన వాతావరణ శాఖను అడిగింది. ఆ శాఖ పుట్టింది 1875లో. దాని మొదటి అధిపతి హెచ్.ఎఫ్.బ్లాన్‌ఫర్డ్.

హిమాలయాల మీద మంచు ఎక్కువగా మిగిలిన ఏడాది రుతుపవనాలు బలహీనపడుతున్నాయని ఆయన గమనించాడు. ఆ లెక్కతో 1882 నుంచి ప్రయోగాత్మకంగా అంచనాలు చెప్పాడు. 1886 జూన్ 4న తొలి అధికారిక సీజన్ అంచనా వచ్చింది. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది కూడా 1882లోనే. జిల్లా వయసూ, మంచు చూసి వాన చెప్పే ప్రయత్నం వయసూ ఒకటే!

మరి ఆ లెక్క నిలబడిందా? కొన్నేళ్లు పనికొచ్చింది, తర్వాత తడబడింది. 1899 కరువును ముందుగా పట్టలేకపోయారు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచమంతటా గాలి ఒత్తిళ్లను కలిపి చూసి, పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా సాగే ఊగిసలాటను గుర్తించాడు. ఇప్పుడు మనం ఎల్‌నినో అంటున్న వ్యవహారంలో అదొక సగం.

అయినా పొరపాట్లు ఆగలేదు. 2002లో వాతావరణ శాఖ సగటులో 101 శాతం వాన అంది. పడింది 81 శాతం. ఆ ఏడాది దేశమంతా కరువే. ఇక్కడ నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. ప్రకృతిలో రెండు విషయాలు కొన్నేళ్లు కలిసి నడిచినంత మాత్రాన, ఎప్పటికీ కలిసే నడుస్తాయన్న గ్యారెంటీ లేదు.

2023లో ఏం జరిగింది? ఫార్వర్డ్ మెసేజ్‌లు నమ్మొచ్చా?

ఈ పాఠం ఇప్పుడు మళ్లీ అవసరం పడుతోంది. ఎందుకంటే..

2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. 1979లో శాటిలైట్ రికార్డు మొదలైనప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. మామూలుగా ఆ సమయానికి ఉండే దానికన్నా దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ. 2022 నుంచి 2025 దాకా వరుసగా నాలుగేళ్లు ఈ కనిష్ఠం 20 లక్షల లోపే ఉంది.

అదే 2023లో మన దగ్గర ఆగస్టు నెల మొండికేసింది. దేశం మొత్తమ్మీద 36 శాతం లోటు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదు. శనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే టైమ్‌లో అనంతపురం చేలు బెట్టకు వాడిపోయాయి. రాష్ట్రంలో ఆ ఖరీఫ్‌లో ప్రభుత్వం ప్రకటించిన కరువు మండలాల్లో అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలవి చాలానే ఉన్నాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ధ్రువంలో మంచు కరిగింది.. అందుకే సీమలో వాన పోయింది’ అని చెప్పేయడం తేలిక. ఫోన్లలో తిరిగే వీడియోలు చేసేదీ అదే. కానీ 2023 ఆగస్టుకు ప్రధాన కారణం పసిఫిక్‌లో బలపడిన ఎల్‌నినో. అదొక్కటీ ఉంటే చాలదని కూడా గుర్తుంచుకోవాలి. 1997లో చాలా బలమైన ఎల్‌నినో వచ్చినా దేశంలో వాన సగటును దాటింది. కాబట్టి ఒక్క కారణం పట్టుకుని వేలాడితే దారి తప్పుతాం.

మరి అసలు లింకు ఎక్కడుంది?

లింకు ఉంది. నేరుగా లేదు, అంతే. దాన్ని మెట్లు మెట్లుగా చూడాలి.

మొదటి మెట్టు.. మన నైరుతి గాలి పుట్టిల్లు దక్షిణార్ధ గోళమే. మడగాస్కర్‌కు తూర్పున, మారిషస్ వైపు, హిందూ మహాసముద్రం మీద పెద్ద అధిక పీడనం ఉంటుంది. దాని పేరు మాస్కరీన్ హై. అక్కడి నుంచి బయల్దేరిన గాలి భూమధ్యరేఖ దాటి, సోమాలియా తీరం దగ్గర మలుపు తిరిగి, తేమ నింపుకుని మన పడమటి తీరానికి కొడుతుంది.

రెండో మెట్టు.. ఆ అధిక పీడనానికి దక్షిణాన అంటార్కిటికా చుట్టూ పడమటి గాలులు ఆగకుండా తిరుగుతుంటాయి. అవి ధ్రువం వైపు బిగుసుకున్నా, ఉత్తరానికి సడలినా మాస్కరీన్ హై బలం, చోటు మారే అవకాశం ఉంది. ఆ మార్పు మన వానలను ఎంత కదిలిస్తుందన్నదే పరిశోధన. ఎల్‌నినో ముందు ఇది చిన్న చేయి.

ఉత్తర ధ్రువం వైపు నుంచీ ఇలాంటి ఆధారమే ఒకటి దొరికింది. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గిన ఏళ్లకూ, మన దేశంలో సెప్టెంబరు చివర్లో కుండపోత వానలకూ సంబంధం ఉండొచ్చని గోవా కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన పత్రంలో చెప్పారు. ‘ఉండొచ్చు’ అన్న మాటే వాళ్లదీ. అనంతపురంలో సెప్టెంబరు చివరంటే శనక్కాయ పీకే రోజులు దగ్గరపడే సమయం. పీకి ఆరబెట్టిన కట్టె మీద వాన పడితే కాయా పోతుంది, పశువుల మేతా పోతుంది. వాన రాకపోవడమే కాదు, రాకూడని రోజున రావడం కూడా ఇక్కడ కరువే.

మూడో మెట్టు.. కొలతలు. దక్షిణ మహాసముద్రంలో ఓడలు తిరిగేది తక్కువ. ఊళ్లు లేవు, వాతావరణ కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ప్రపంచ వాతావరణ మోడళ్లకు అదొక చీకటి మూల. మైత్రి, భారతిలో తీసుకునే గాలి, ఒత్తిడి, ఉష్ణోగ్రత లెక్కలు ఆ మూలలో పెట్టిన చిన్న దీపాలు. ఒక్క ఏడాది లెక్కతో ఏమీ తేలదు. ముప్పై, నలభై ఏళ్లు తెగకుండా రాస్తేనే ఏది ఊగిసలాటో, ఏది నిజమైన మార్పో తెలుస్తుంది. సమ్మర్‌లో రిపేర్ చేయని ఒక పరికరం చలికాలంలో ఆగిపోతే, ఆ వరుసలో ఏడాది పొడవునా గండి పడినట్టే.

అంటార్కిటికా నుంచి షాద్‌నగర్‌కు

ఇదంతా గోవా, ఢిల్లీ వ్యవహారం అనుకుంటే పొరపాటు. తెలుగు నేలతో దీనికి గట్టి బంధమే ఉంది.

మన భూపరిశీలక ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా రోజుకు 14 సార్ల వరకు భూమిని చుట్టి వస్తాయి. అనంతపురం మీదుగా వెళ్లేటప్పుడు తీసిన చిత్రాలు హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ యాంటెన్నాలకు నేరుగా దిగుతాయి. కానీ ఎక్కడో సముద్రాల మీద తీసిన డేటా సంగతేంటి? షాద్‌నగర్ నుంచి చూస్తే రోజుకు కొన్ని ప్రదక్షిణలే కనిపిస్తాయి. ధ్రువం దగ్గర కూర్చుంటే చాలావరకు కనిపిస్తాయి. అందుకే 2013లో భారతి స్టేషన్‌లో ఇస్రో గ్రౌండ్ స్టేషన్ పెట్టింది. ఉపగ్రహం దించిన డేటా అక్కడి నుంచి మరో ఉపగ్రహం ద్వారా షాద్‌నగర్‌కు వస్తుంది. సముద్రం మీద గాలి, ఉపరితల ఉష్ణోగ్రత.. రుతుపవనాన్ని అంచనా వేసే మోడళ్లకు ముడిసరుకు ఇదే. ఆ యాంటెన్నాకు కరెంటు ఆగకుండా చూసేది సమ్మర్‌లో దించిన ఇంధనమే.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ 1997 నుంచి మైత్రిలో భూకంపాలను నమోదు చేసే కేంద్రం నడుపుతోంది. సముద్రాల సమాచారం చూసే ఇన్‌కాయిస్ ఉన్నదీ హైదరాబాద్‌లోనే. రాళ్ల కథ ఇంకా పాతది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం దాకా మన తూర్పు తీరం, తూర్పు అంటార్కిటికా ఒకదానికొకటి అతుక్కునే ఉండేవి. తూర్పు కనుమల రాళ్లకు తోబుట్టువులు అక్కడి మంచు కింద ఉన్నాయి. 2021 నవంబరులో మొదలైన 41వ యాత్ర పెట్టుకున్న రెండు పెద్ద పనుల్లో ఒకటి భారతి వైపు అమెరీ మంచు పలక ప్రాంతంలో ఈ బంధాన్ని వెతకడం. రెండోది మైత్రి దగ్గర 500 మీటర్ల లోతు మంచు తవ్వకానికి సర్వే, ఏర్పాట్లు.

ఆ మంచు కడ్డీ ఎందుకంత ముఖ్యం? ఏడాదికేడాది పడిన మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. మధ్యలో అప్పటి గాలి బుడగలు చిక్కుకుపోతాయి. 500 మీటర్లు దిగితే పదివేల ఏళ్ల కాలం చదవొచ్చని అంచనా. మనకున్న వాన రికార్డులు నూటయాభై ఏళ్లవే. కరువు మామూలుగా వచ్చేదా, మారిపోతున్న లోకానికి గుర్తా అన్నది తేల్చాలంటే అంతకన్నా పాత పుస్తకం కావాలి.

డబ్బు దండగా? కాదా?

రైతు అడిగే సూటి ప్రశ్న ఇదే. ధ్రువ పరిశోధన సహా భూవిజ్ఞానానికి చెందిన ఐదు పథకాలను కలిపిన ‘పృథ్వి’కి కేంద్రం 2021–26 కాలానికి 4,797 కోట్లు కేటాయించింది. వాతావరణ అంచనాల కోసం ‘మిషన్ మౌసమ్’కు 2024 సెప్టెంబరులో 2,000 కోట్లు ఓకే చేసింది. పాతబడిన మైత్రి బదులు మైత్రి–2 కడతామని 2024 మేలో కొచ్చిలో జరిగిన అంటార్కిటికా ఒప్పంద దేశాల సమావేశంలో ప్రకటించింది. 2029 నాటికి సిద్ధం చేయాలన్నది ప్లాన్.

లాభాలు లేవని అనలేం. 2025 మేలో మొదలైన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తోంది. అంతకుముందు అది 12 కిలోమీటర్లు. అంటే కణేకల్లుకూ, రాయదుర్గానికీ ఒకే మాట చెప్పే రోజులు తగ్గుతున్నాయి.

అయితే రెండో వైపు కూడా చూడాలి. జిల్లా స్థాయిలో రైతుకు వాతావరణ సలహా ఇచ్చేందుకు 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఆగ్రోమెట్ యూనిట్లు పెట్టారు. దేశంలో 199 యూనిట్లు. 2024 మార్చితో వాటిని ఆపేయాలని ఆదేశాలొచ్చాయి. వేల కిలోమీటర్ల నుంచి డేటా తెచ్చే వ్యవస్థ పెరుగుతున్న టైమ్‌లోనే, ఆ డేటాను ఊరి భాషలోకి మార్చి చెప్పే మనిషిని తీసేశారు. బిందె నిండా నీళ్లు తెచ్చి గడప దగ్గర ఒలకబోసినట్టు!

అనంతపురానికి ఒక ఊరట ఉంది. రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎప్పటి నుంచో ఉన్న వాతావరణ విభాగం మంగళ, శుక్రవారాల్లో బులెటిన్ ఇస్తుంది. ‘మేఘదూత్’ యాప్‌లోనూ చూడొచ్చు. కానీ విత్తనం కాయలు కొనేందుకు రైతు సేవా కేంద్రం ముందు నిలబడ్డ రైతుకు ఆ బులెటిన్ అందుతోందా అన్నదే అసలు పరీక్ష.

రైతుకు కావాల్సింది శాతం కాదు.. తేదీ

ఏప్రిల్‌లో వాతావరణ శాఖ దేశానికంతా కలిపి ఒక శాతం చెబుతుంది. మే చివర్లో ప్రాంతాలవారీగా సవరిస్తుంది. ‘దక్షిణ ద్వీపకల్పంలో సాధారణం’ అన్న మాటలో కేరళా ఉంటుంది, కల్యాణదుర్గమూ ఉంటుంది. సీజన్ మొత్తానికి సగటు వాన పడి కూడా పంట పోయిన ఏళ్లు ఇక్కడ కొత్త కాదు. 340 మిల్లీమీటర్లలో సగం రెండు మూడు రోజుల్లోనే కురిసి, మిగతా నెలరోజులు బెట్ట పెడితే లెక్కలో లోటు కనబడదు. చేలో మాత్రం కాయ ఉండదు.

రైతుకు తెలియాల్సినవి మూడే..

• పదును వాన ఈ వారమా, వచ్చే వారమా?

• విత్తాక ఎన్ని రోజుల బెట్ట రావొచ్చు?

• శనక్కాయకు గడువు దాటిపోతే కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, ఉలవ.. దేనికి మళ్లాలి? ఆ విత్తనం అప్పటికి ఊళ్లో ఉంటుందా?

మొదటి రెండింటికీ దారి ప్రతి గురువారం వాతావరణ శాఖ ఇచ్చే నాలుగు వారాల అంచనా. అది ఎంత గట్టిగా ఉంటుందన్నది సముద్రాల నుంచి వచ్చే కొలతల మీద ఆధారపడి ఉంది. మూడోది మాత్రం పూర్తిగా జిల్లా యంత్రాంగం చేతిలోనే ఉంది. ఆగస్టులో వాన లేదని తేలాక సెప్టెంబరులో వచ్చే ప్రత్యామ్నాయ విత్తనంతో చేను నిండదు. నాలుగు వారాల ముందు అంచనా వచ్చినప్పుడు, గోడౌన్ తాళం తీయడానికీ నాలుగు వారాలు పడితే ఆ అంచనా ఎవరికి?

ఇక చూడాల్సింది ఏంటి?

అంటార్కిటికాలో మన స్టేషన్లు అనంతపురానికి వాన తెప్పించవు. వచ్చే ఏడాది కరువో కాదో కూడా ఒంటరిగా చెప్పలేవు. ఆ ఆశ పెట్టేవాళ్లను నమ్మక్కర్లేదు. కానీ ఆ కొలతలు లేకపోతే అంచనా వేసే మోడల్‌కు భూగోళంలో ఒక పెద్ద మూల కనబడదు. అందుకే ఆ పని ఆగకూడదు.

ఇక్కడి పని కూడా ఆగకూడదు. మొదటి అంచనా వచ్చింది 1886లో. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. అయినా రైతు చివరికి పక్క చేను వాడు గొర్రు కట్టాడా లేదా చూసుకునే విత్తనం వేస్తున్నాడు. ఆ మధ్యనున్న ఖాళీ పూడ్చడానికి ఓడ అక్కర్లేదు, హెలికాప్టర్ అక్కర్లేదు. తెలుగులో తేట మాట, దాన్ని టైమ్‌కు చెప్పే మనిషి, తాళం తీసి ఉన్న గోడౌన్.. ఈ మూడుంటే చాలు.

మార్చిలో ఓడ వెనక్కి తిరిగాక మైత్రి, భారతిలో కొద్దిమందే మిగులుతారు. చీకటి నెలల్లోనూ వాళ్లు గాలినీ, ఒత్తిడినీ కొలిచి పంపుతూనే ఉంటారు. ఆ లెక్క జూన్ నాటికి అనంతపురం చేను గట్టు దాకా చేరితేనే ఆ సమ్మర్ పని పూర్తయినట్టు.